యూకేలో సెకండ్ హ్యాండ్ 125 సీసీ బండి కొనాలా, వద్దా? ఎలా తేల్చుకోవాలి

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు నుంచి యూకేకు వెళ్లిన పిల్లలు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే: "అన్నా, ఫేస్‌బుక్‌లో ఒక 125 ఉంది, రేటు తక్కువే, తీసుకోవచ్చా?" కింద బండి ఫొటో ఉంటుంది. ఫొటో చూసి దీనికి జవాబు చెప్పలేం. అక్కడ బండి రేటు ఆఖర్న చూసే లెక్క. లైసెన్సు, ఇన్సూరెన్సు, రాత్రి బండి పెట్టే చోటు, ఈ మూడూ తేలాకే బండి వైపు చూడాలి.

మన దగ్గర పద్ధతి వేరు. ముందు బండి నచ్చుతుంది, డబ్బులు చేతులు మారతాయి, టీఓ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుంటాం, ట్రాన్స్‌ఫర్ తర్వాత ఎప్పుడో చేసుకుంటాం. అదే పద్ధతిలో అక్కడ కొంటే మొదటి రోజే పోలీసులు బండి ఎత్తుకుపోవచ్చు. ఇంటి దగ్గర భూమి మీదో బంగారం మీదో లోన్ తీసి పంపిన డబ్బు అది. పౌండు వంద రూపాయలు దాటి చాలా కాలమైంది. అందుకే కింద చెప్పే వరుసను దయచేసి మార్చకండి.

ఇది ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో ఉండేవాళ్ల కోసం రాసింది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- మన ఆర్టీఏ ఇచ్చిన లైసెన్సు. అందులో గేర్ బండి, అంటే ఎంసీడబ్ల్యూజీ, ఉండాలి. కారుకు మాత్రమే ఉంటే అక్కడ బైకుకు పనికిరాదు. లెర్నింగ్ లైసెన్సు అసలే చెల్లదు.
- వీసా వివరాలు, మీరు నిజంగా ఉంటున్న అడ్రస్, పోస్ట్‌కోడ్.
- అక్కడి బ్యాంకు కార్డు.
- బండి చూడ్డానికి వెళ్లే రోజు చిన్న టార్చి, పాత గుడ్డ, వెంట బండి తెలిసిన ఒక మనిషి.

ఇంకా ఇక్కడే ఉన్నవాళ్లు విమానం ఎక్కకముందే నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో పక్కా లైసెన్సు తీసుకోండి. అక్కడికి వెళ్లాక ఆ పని కాదు.

1. బండి నిజంగా అవసరమా?

కాలేజీ, పనిచేసే చోటు, ఇల్లు మూడూ ఒకే బస్సు దారిలో ఉంటే బండి వద్దు. ఒక ఏడాది మాస్టర్స్‌కు వెళ్లినవాళ్లలో ఎక్కువ మందికి నేను చెప్పే మాట కూడా అదే. లైసెన్సు, ఇన్సూరెన్సు, బండి వెతకడం అయ్యేసరికి రెండు మూడు నెలలు పోతాయి. ఆఖరి నెలల్లో డిసర్టేషన్ టెన్షన్‌లో బండి అమ్మడం ఇంకో పని.

అవసరం ఎవరికంటే, తెల్లవారుజామున బస్సులు లేని వేళ షిఫ్టుకు వెళ్లాల్సినవాళ్లకు, ఊరి బయట గోదాముల్లోనో కేర్ హోముల్లోనో పనిచేసేవాళ్లకు, ఇంకా రెండేళ్లయినా అక్కడే ఉండబోయేవాళ్లకు.

డెలివరీ చేద్దామని కొనాలనుకునే విద్యార్థులు ఇక్కడే ఆగండి. స్టూడెంట్ వీసా మీద సొంత వ్యాపారం, అంటే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్, కుదరదు. డెలివరీ యాప్‌లు రైడర్లను మామూలుగా ఆ లెక్కలోనే తీసుకుంటాయి. వేరేవాళ్ల అకౌంట్ అద్దెకు తీసుకుని తోలితే పట్టుబడినప్పుడు పోయేది వీసా. "అందరూ చేస్తున్నారు" అనే మాట నమ్మి మీ చదువును, ఇంటివాళ్ల అప్పును పణంగా పెట్టకండి.

దగ్గరి దూరాలకు ఎలక్ట్రిక్ సైకిల్ కూడా ఆలోచించండి. మోటారు 250 వాట్లకు మించకుండా, గంటకు 15.5 మైళ్ల దగ్గర మోటారు సాయం ఆగిపోయేదైతే లైసెన్సు, టాక్సు, ఇన్సూరెన్సు ఏవీ అక్కర్లేదు. స్పీడు పెంచి మార్చినది మాత్రం చట్టం దృష్టిలో మోటార్‌సైకిలే, రోడ్డు మీద కనిపిస్తే తీసుకుపోతారు. సొంత ఎలక్ట్రిక్ స్కూటర్, నిలబడి తోలేది, రోడ్డు మీదికి తేవడమే నేరం.

2. లైసెన్సు సంగతి తేల్చుకోండి

మన లైసెన్సుతో అక్కడ నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలలు మాత్రమే తోలవచ్చు. బండి కొన్న రోజు నుంచి కాదు. మధ్యలో దసరాకో పెళ్లికో ఇంటికి వచ్చి వెళ్లినా లెక్క మళ్లీ మొదటికి రాదు. మన లైసెన్సును నేరుగా అక్కడి లైసెన్సుగా మార్చుకునే వీలు కూడా లేదు.

12 నెలలు దాటితే దారి ఇది: ప్రొవిజనల్ లైసెన్సుకు, అంటే మన లెర్నింగ్ లైసెన్సు లాంటిదానికి, ఆన్‌లైన్‌లో అప్లై చేయాలి, ఫీజు 34 పౌండ్లు. కనీసం 185 రోజులు అక్కడ ఉండే అనుమతి ఉండాలి. తర్వాత సీబీటీ అనే శిక్షణ. అది సాధారణంగా ఒక రోజులో అయిపోతుంది. ఫీజు ఊరిని బట్టి మారుతుంది, 150 పౌండ్ల చుట్టూ అనుకోండి. పాస్, ఫెయిల్ అని ఉండదు, మీ చేతికి బండి అలవాటైందని ట్రైనర్‌కు నమ్మకం కుదిరితే సర్టిఫికెట్ ఇస్తారు.

ఆ సర్టిఫికెట్‌తో 17 ఏళ్లు నిండినవాళ్లు 125 సీసీ దాకా, 11 కిలోవాట్ల పవర్ మించని బండి తోలవచ్చు. ముందు, వెనక ఎర్రటి ఎల్ ప్లేట్లు ఉండాలి. వెనక ఎవర్నీ ఎక్కించుకోకూడదు. మోటార్‌వే ఎక్కకూడదు. రెండేళ్లు చెల్లుతుంది. ఆలోపు పూర్తి పరీక్షలు పాస్ కాకపోతే సీబీటీ మళ్లీ చేయాలి.

మొదటి 12 నెలల్లో ఉన్నా, సీబీటీ అక్కర్లేకపోయినా చేయమనే చెబుతాను. మనమూ ఎడమ పక్కనే తోలతాం కాబట్టి తేలికే అనిపిస్తుంది. కానీ రౌండెబౌట్ దగ్గర ఎవరికి దారివ్వాలి, తడి రోడ్డు మీద బ్రేకు ఎలా పట్టాలి, భుజం మీదుగా వెనక్కి ఎప్పుడు చూడాలి అన్నవి ఎన్‌హెచ్ 65 మీద తోలిన అనుభవంతో రావు.

3. ఇన్సూరెన్సు కొటేషన్ ముందే తీయండి

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడ. మన దగ్గర ఇన్సూరెన్సు బండికి ఉంటుంది, లైసెన్సు ఉంటే చాలు, బండి ఎవరు తోలినా నడుస్తుంది. అక్కడ పాలసీలో పేరున్న మనిషికే కవర్. రూమ్మేట్ బండికి ఫుల్ ఇన్సూరెన్సు ఉన్నా, పాలసీలో మీ పేరు లేకపోతే మీరు ఇన్సూరెన్సు లేకుండా తోలినట్టే. దొరికితే 300 పౌండ్ల ఫైన్, లైసెన్సు మీద 6 పాయింట్లు, బండి సీజ్. ఆ రికార్డు తర్వాత తీసుకునే ప్రతి ఇన్సూరెన్సు రేటునూ పెంచుతుంది.

ఇలా చేయండి. మీరు అనుకుంటున్న రెండు మూడు మోడళ్లు రాసుకోండి. రేట్లు పోల్చి చూపే వెబ్‌సైట్లలో ఒక్కో మోడల్‌కు కొటేషన్ తీయండి. ఇందుకు డబ్బు కట్టాల్సిన పని లేదు. నాలుగు విషయాలు నిజం చెప్పండి: ఏ దేశపు లైసెన్సు, అక్కడ ఎన్నాళ్లుగా ఉంటున్నారు, రాత్రి బండి ఎక్కడ పెడతారు, దేనికి వాడతారు. పనికి వెళ్లి రావడానికి వాడితే కమ్యూటింగ్ కలపాలి. పార్సిళ్లు, భోజనాలు చేర్చే పనికి హైర్ అండ్ రివార్డ్ అనే వేరే కవర్ కావాలి. ఇక్కడ ఇన్నేళ్లు క్లెయిమ్ లేకుండా తోలాను అన్నది అక్కడ సాధారణంగా లెక్కలోకి రాదు.

కొటేషన్‌లో ఎక్సెస్ అనే అంకె కూడా చూడండి. క్లెయిమ్ వచ్చినప్పుడు మీ జేబులోంచి పోయేది అది. వెయ్యి పౌండ్ల బండికి 600 ఎక్సెస్ ఉంటే బండి పోయినా చేతికి వచ్చేది కొంచెమే.

ఒకే మనిషికి పోస్ట్‌కోడ్ మారితే రేటు చాలా మారుతుంది. కొన్ని ఏరియాల్లో ఏడాది ఇన్సూరెన్సు బండి రేటును దాటిపోతుంది. అలా వస్తే మోడల్ మార్చి చూడండి. కేటీఎం డ్యూక్ 125 లాంటి స్పోర్టీ బండ్ల కంటే హోండా సీబీఎఫ్ 125, సీబీ 125 ఎఫ్, యమహా వైబీఆర్ 125 లాంటి సాదా బండ్లకు తక్కువ పడుతుంది. దొంగల కన్ను కూడా వాటి మీద తక్కువ. డ్యూక్ మన పుణె దగ్గర చాకన్‌లోనే తయారవుతుంది, దాని మీద మన పిల్లలకు మోజు ఎక్కువ. మొదటి బండిగా మాత్రం వద్దు.

4. రాత్రి బండి ఎక్కడ పెడతారు?

యూకేలో చిన్న బండ్ల దొంగతనాలు చాలా ఎక్కువ. హ్యాండిల్ లాక్‌ను నమ్మి రోడ్డు మీద వదిలేస్తే పొద్దున ఉంటుందన్న భరోసా లేదు. ఇంటి వెనక గేటున్న పెరడు, షెడ్డు, కెమెరా ఉన్న పార్కింగ్, ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే కొనే ఆలోచన మానేయడమే మంచిది. అద్దె ఇల్లయితే ఓనర్‌ను ముందే అడగండి, కొంతమంది ఒప్పుకోరు.

మందపాటి చైన్, డిస్క్ లాక్ రెండూ కొనండి. తాళాలను పరీక్షించి ఇచ్చే సోల్డ్ సెక్యూర్ ముద్ర ఉన్నవి చూసుకోండి. చైన్‌ను నేల మీద వదలకుండా, కదలని వస్తువుకు కట్టి వేయాలి.

5. మొత్తం లెక్క వేయండి

ఒక ఉదాహరణ చూద్దాం, మీ అంకెలు వేరుగా ఉండవచ్చు. బండి 1,200 పౌండ్లు. ఇన్సూరెన్సు 700. ప్రొవిజనల్, సీబీటీ కలిపి 185. హెల్మెట్, జాకెట్, గ్లవ్స్ 250. తాళాలు 120. టాక్సు, ఎంఓటీ (ఫిట్‌నెస్ పరీక్ష), ఆయిల్, చిన్న రిపేర్లు 150. మొత్తం 2,605. పది నెలలు వాడి 900కు అమ్మితే ఖర్చు 1,705, అంటే నెలకు 170 పౌండ్లు, పెట్రోలు కాకుండా. దీని పక్కన మీ నెల బస్ పాస్ రేటు రాయండి. తేడా చూసి మీరే నిర్ణయించుకోండి.

హెల్మెట్ ఇక్కడి నుంచి తీసుకుపోకండి. ఐఎస్ఐ మార్కు అక్కడ చెల్లదు, ఈసీఈ 22.05 లేదా 22.06 ముద్ర ఉండాలి. షార్ప్ అనే ప్రభుత్వ స్కీము హెల్మెట్లకు ఒకటి నుంచి ఐదు స్టార్లు ఇస్తుంది, కొనేముందు అందులో చూడండి. వాడిన హెల్మెట్ మాత్రం ఎవరిచ్చినా తీసుకోకండి. లోపల దెబ్బ ఉన్నా పైకి కనపడదు.

6. ఇంట్లో కూర్చునే నంబరు చెక్ చేయండి

ఇప్పుడు బండి వెతకండి. నచ్చినదాని నంబరు అడగండి. నంబరు చెప్పనివాడితో మాట్లాడటం అక్కడే ఆపేయండి.

ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే పైసా ఖర్చు లేకుండా టాక్సు ఉందా, ఎంఓటీ ఎప్పటి దాకా ఉంది, రంగు, ఇంజన్ సీసీ ఎంత అన్నవి వస్తాయి. ఎంఓటీ అంటే మూడేళ్లు దాటిన బండికి ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష. పాత ఎంఓటీల హిస్టరీ కూడా కనిపిస్తుంది. దాన్ని కింది నుంచి పైదాకా ఓపిగ్గా చదవండి. ప్రతి ఏడాది మైలేజీ రాసి ఉంటుంది. 2021లో 14,000 మైళ్లు ఉన్న బండి 2023లో 9,000 చూపిస్తే మీటరు మార్చారని అర్థం. ఏటా ఒకే తప్పు, చైన్ లూజు, తుప్పు అని వస్తుంటే ఓనరు పట్టించుకోలేదన్నమాట.

దాని తర్వాత కొన్ని పౌండ్లు కట్టి ప్రైవేటు హిస్టరీ చెక్ చేయించండి. బండి మీద ఫైనాన్స్ బాకీ, దొంగ బండా, యాక్సిడెంట్‌లో దెబ్బతిని, బాగుచేయడం దండగని ఇన్సూరెన్సువాళ్లు వదిలేసిందా అన్నవి అందులో తెలుస్తాయి. అలా వదిలేసిన బండికి ఒక కేటగిరీ ఉంటుంది. కేటగిరీ ఎ, బి అయితే మళ్లీ రోడ్డెక్కకూడని బండి. ఎస్ అంటే చాసిస్ లాంటి ముఖ్య భాగానికి దెబ్బ, ఎన్ అంటే అలాంటి దెబ్బ కాదు. మొదటిసారి కొనేవాళ్లు ఎస్ జోలికి వెళ్లవద్దు.

లండన్‌లో ఉండేవాళ్లు యూలెజ్, అంటే పొగ ఎక్కువ వదిలే పాత బండ్ల మీద వేసే రోజువారీ చార్జీ, కూడా చూడండి. యూరో 3 అనే పొగ ప్రమాణం కంటే పాత బండికి రోజుకు 12.50 పౌండ్లు పడుతుంది. మామూలుగా 2007 జులై తర్వాత రిజిస్టర్ అయినవి ఫర్వాలేదు.

7. బండి దగ్గరికి వెళ్లి చూడండి

పగలు వెళ్లండి, వాన లేని రోజు. వీ5సీ, అంటే మన ఆర్సీ లాంటి అక్కడి రిజిస్ట్రేషన్ కాగితం, దాని మీద ఉన్న అడ్రస్‌కే, ఓనర్ ఇంటికే వెళ్లండి. పెట్రోలు బంకు దగ్గర కలుద్దాం అంటే వద్దనండి. చూడకముందు బయానా ఒక్క పౌండు కూడా పంపకండి. "నేను వేరే ఊళ్లో ఉన్నాను, డబ్బు వేస్తే బండి పంపిస్తా" అనేది మోసమే.

ఇంజన్: ముందే ఫోన్‌లో చెప్పండి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే ఇంజన్ మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే చల్లారేదాకా ఆగండి, లేదా ఇంకో రోజు రండి. వేడి ఇంజన్ చాలా లోపాలు దాస్తుంది. స్టార్ట్ చేశాక సైలెన్సర్ చూడండి. చలిలో మొదట్లో తెల్లటి ఆవిరి వచ్చి పోతే ఫర్వాలేదు. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది, మన మెకానిక్ భాషలో బోర్‌కు వచ్చింది.

తుప్పు: మన నల్గొండలో పాత బండికి శత్రువులు ఎండ, దుమ్ము. అక్కడ ఉప్పు. చలికాలంలో మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది కింది నుంచి తింటుంది. ట్యాంకు మెరుస్తోందని మురిసిపోకుండా టార్చి పట్టుకుని కింద కూర్చోండి. సైలెన్సర్ అడుగు, వెనక చక్రం పట్టే ఆర్మ్, స్టాండు బిగించిన చోటు, నట్లు, వైర్ల కనెక్టర్లు చూడండి. పైపైన పొడి తుప్పు మామూలే. గోటితో గీకితే పొరలుగా ఊడుతుంటే వదిలేయండి.

బ్రేకులు: సెంటర్ స్టాండ్ వేసి చక్రం తిప్పండి. ఉప్పు వల్ల కాలిపర్ బిగుసుకుపోతే బ్రేకు వదిలినా చక్రం పట్టి పట్టి తిరుగుతుంది.

హ్యాండిల్, ఫోర్కులు: ముందు చక్రం గాలిలో ఉండగా హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పండి. మధ్యలో ఎక్కడైనా తట్టినట్టు ఆగితే కోన్ సెట్ పోయింది. ముందు బ్రేకు పట్టి కిందికి నొక్కి వదలండి, ఫోర్కు గొట్టాలను గుడ్డతో తుడవండి. ఆయిల్ అంటితే సీల్ పోయింది.

చైన్, టైర్లు: వెనక స్ప్రాకెట్ మీద చైన్‌ను వేలితో వెనక్కి లాగండి. పళ్లు బాగా బయటపడితే, పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే సెట్ మార్చాలి, ఆ డబ్బు రేటులో తగ్గించమనండి. టైరు అచ్చు వెడల్పులో నాలుగింట మూడొంతుల మేర కనీసం 1 మిల్లీమీటరు ఉండాలి. పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. అచ్చు ఉన్నా బాగా పాతబడి పగుళ్లిచ్చిన టైరు తడి రోడ్డు మీద జారుతుంది.

దొంగ బండి గుర్తులు: తాళం పెట్టే చోట గీతలు, కొత్తగా మార్చిన తాళం సెట్, ఒక్కటే తాళం చెవి, చాసిస్ నంబరు దగ్గర గీకినట్టు ఉండటం. చాసిస్, ఇంజన్ నంబర్లను వీ5సీతో ఒక్కో అక్షరం పోల్చండి.

టెస్ట్ రైడ్ చాలాసార్లు కుదరదు. మీ పేరు మీద ఆ బండికి ఇన్సూరెన్సు లేకుండా వీధి చివరిదాకా కూడా తోలకూడదు. ఓనరు తోలుతుంటే పక్కన నిలబడి గేర్లు ఎలా పడుతున్నాయో వినండి.

అనుమానంగా ఉంటే డీలర్ దగ్గర కొనడం ఇంకో దారి. రెండు మూడు వందలు ఎక్కువ పడుతుంది. కానీ 2015 కన్స్యూమర్ రైట్స్ చట్టం ప్రకారం బండిలో లోపం ఉంటే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చే హక్కు ఉంటుంది. ప్రైవేటుగా కొంటే ఆ రక్షణ లేదు. బండి తెలిసిన మనిషి వెంట లేనివాళ్లకు నేను డీలర్‌నే చెబుతాను.

8. డబ్బు, కాగితాలు

వీ5సీ అసలుది చేతిలోకి తీసుకుని చూడండి. అందులో ఉండే పేరు రిజిస్టర్డ్ కీపర్‌ది, అదొక్కటే ఓనర్ అనడానికి రుజువు కాదు. అందుకే అమ్మేవాడి ఐడీ, అతను కొన్నప్పటి రసీదు అడగండి. వీ5సీ పోయింది, తర్వాత వస్తుంది అంటే డబ్బు తీయకండి.

అన్నీ సరిపోతే వరుస ఇది. అక్కడే ఫోన్‌లో ఇన్సూరెన్సు మొదలుపెట్టండి. అమ్మేవాడిని మీ ముందే ఆన్‌లైన్‌లో డీవీఎల్ఏ (బండ్లు, లైసెన్సుల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ ఆఫీసు) దగ్గర బండిని మీ పేరుకు మార్చమనండి, వెంటనే మీకు ఈమెయిల్ వస్తుంది. డబ్బు బ్యాంకు ద్వారా పంపి, తేదీ, నంబరు, రేటు, ఇద్దరి పేర్లతో రసీదు రాయించుకోండి. వీ5సీలో కొనేవాళ్లకు ఇచ్చే పచ్చ స్లిప్పు మీరు ఉంచుకోండి, దాని మీది 12 అంకెల నంబరుతో టాక్సు కట్టండి. పాత ఓనరు కట్టిన టాక్సు మీకు రాదు, 2014 అక్టోబరు నుంచి రూల్ అదే. ఇన్సూరెన్సు, టాక్సు, ఎంఓటీ మూడూ ఉంటేనే బండి కదలాలి. ఎంఓటీ లేని బండిని ముందే బుక్ చేసుకున్న పరీక్షకు తప్ప ఎక్కడికీ తోలకూడదు.

9. సరిగ్గా అయిందా, ఇలా చూసుకోండి

రెండు రోజులాగి అదే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టండి, టాక్సు ఉన్నట్టు చూపాలి. కొద్ది రోజుల్లో మీ పేరుతో కొత్త వీ5సీ పోస్టులో రావాలి. నెల దాటినా రాకపోతే డీవీఎల్ఏకు ఫోన్ చేయండి. ఇల్లు మారినప్పుడల్లా వీ5సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు మూడింట్లో అడ్రస్ మార్చండి. రూములు తరచూ మారే మన పిల్లలు ఇది మర్చిపోతారు, ఫైన్ కాగితాలు పాత ఇంటికి పోతాయి, రెట్టింపయ్యాక గాని తెలియదు.

కొన్న వారంలోనే ఆయిల్ మార్పించండి, చైన్‌కు ఆయిల్ వేయండి. చలికాలంలో తోలితే ఇంటికి రాగానే చన్నీళ్లతో కింది భాగం కడగండి. వేడినీళ్లు ఉప్పు పనిని ఇంకా పెంచుతాయి. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, తెల్లారేసరికి రోడ్డు మీద కంటికి కనపడని మంచు పొర ఉంటుంది. అలాంటి పొద్దున బండి తీయకండి. షిఫ్టు పోతే పోనివ్వండి.

తిరిగి వచ్చేముందు అమ్మేవాళ్లు ఏప్రిల్ నుంచి జూన్ లోపు అమ్మండి, ఎండలు మొదలయ్యాక కొనేవాళ్లు ఎక్కువ. కొనేవాళ్లకైతే దీనికి వ్యతిరేకం, నవంబరు నుంచి జనవరి దాకా రేట్లు తగ్గుతాయి. అమ్మిన రోజే మీరే ఆన్‌లైన్‌లో డీవీఎల్ఏకు చెప్పండి. మిగిలిన పూర్తి నెలల టాక్సు డబ్బు దానంతటదే వెనక్కి వస్తుంది. ఇన్సూరెన్సు దానంతటది ఆగదు, కంపెనీకి ఫోన్ చేసి రద్దు చేయించుకోవాలి. అక్కడి బ్యాంకు అకౌంట్ ఈ రెండూ తేలాకే మూసేయండి.